ఆరేళ్లు స్టాక్ సైట్‌కి ఫోటోలు పంపాక, ‘నాయిస్’ రిజెక్షన్ గురించి నా అనుభవం

గుంటూరు మిర్చి యార్డులో తెల్లవారకముందు తీసిన ఫోటో అది. గోనె సంచుల మధ్య ఎర్రటి మిరపకాయల రాశి, పైన ఒక్క బల్బు వెలుగు. ఫోన్‌లో చూసినవాళ్లంతా బాగుందన్నారు. స్టాక్ సైట్‌కి, అంటే మన ఫోటోలు తీసుకుని కొనేవాళ్లకి అమ్మిపెట్టే సైట్‌కి, పంపితే తీసుకోమంటూ ఒక్క లైను జవాబొచ్చింది, నాయిస్, గ్రెయిన్ (బొమ్మలో కనిపించే అనవసరపు చుక్కలు) ఎక్కువని. గోనె నేతని చూసి గ్రెయిన్ అనుకున్నారని నాకు చాలా కోపమొచ్చింది.

కోపం తగ్గాక 100 శాతం జూమ్‌లో చూశాను. సంచుల నీడల్లో ఎరుపు, ఆకుపచ్చ చుక్కలు. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందన ఎంతో చెప్పే అంకె, పెంచేకొద్దీ నాయిస్ పెరుగుతుంది) 6400లో, అదీ 1/60 సెకనులో చీకటిగా తీసి, ఇంటికొచ్చాక ఫోటో వెలుగుని రెండు స్టాపులు, అంటే నాలుగు రెట్లు, పెంచాను. దాదాపు ఐఎస్ఓ 25600లో తీసినట్టే. గోనె నేతకి వరస ఉంటుంది, ఈ చుక్కలకి లేదు. వాళ్లు చెప్పింది నిజమే.

నాయిస్ మీద సైట్‌కి ఇంత పట్టుదల ఎందుకంటే, కొన్నవాళ్లు ఫోటోని మనం చూసినట్టు చూడరు. ఓ మూల కత్తిరించి పెద్దది చేస్తారు, ఇంకోసారి షార్పెన్ చేస్తారు (అంచులు పదునుగా కనిపించేలా దిద్దుతారు), మళ్లీ జేపెగ్‌గా సేవ్ చేస్తారు. జేపెగ్ బొమ్మని 8×8 పిక్సెళ్ల గళ్లుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి చుక్కలున్నచోట ఆ గళ్లు బయటపడిపోతాయి. గ్రెయిన్ కావాలనుకున్న డిజైనర్ నిమిషంలో కలుపుకోగలడు, ఉన్నదాన్ని తీయాలంటే మాత్రం దాంతోపాటు వివరం కూడా పోతుంది. నాకూ అదే జరిగింది. నాయిస్ రిడక్షన్ బాగా పెంచి మళ్లీ పంపితే మిరపకాయలు ప్లాస్టిక్‌వి లాగా అయిపోయాయి, మళ్లీ రిజెక్టు.

టెక్స్‌చర్, అంటే గోనె, రాయి లాంటివాటి గరుకుదనం, ఉంటే చాలు తీసుకోరనేది అపోహ. గోల్కొండ గ్రానైట్ గోడని ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ 100లో తీసి పంపితే ఏ పేచీ లేకుండా తీసుకున్నారు. చాలాసార్లు తప్పు షార్పెనింగ్‌లో ఉంటుంది, ఆకాశం మీద కూడా షార్పెన్ చేసేస్తాం, దాంతో అక్కడి చుక్కలు ఇంకా తేలతాయి. ఫోటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్ నొక్కి మాస్కింగ్ స్లయిడర్ జరిపితే షార్పెనింగ్ ఎక్కడ పడుతోందో తెల్లగా కనిపిస్తుంది, అంచులకే పరిమితం చేయండి. ఇంకో దారి, 24 మెగాపిక్సెళ్ల ఫోటోని 6కి తగ్గించడం. నాలుగు పిక్సెళ్లు ఒకటిగా కలిసి నాయిస్ సుమారు సగమవుతుంది, ఈ సైట్ అడిగేది కనీసం 4 మెగాపిక్సెళ్లే.

సైట్ మీద నాకు రెండు ఫిర్యాదులున్నాయి. చుక్కలు ఫోటోలో ఎక్కడున్నాయో చూపించరు, కొత్తవాళ్లు అక్కడే విసిగిపోయి మానేస్తారు. రెండోది, మా నాన్న ఫిల్మ్ కెమెరాతో తీసిన నలుపు తెలుపు నెగటివ్‌ల స్కాన్లని కూడా ఇదే కొలతతో తిప్పి పంపారు. ఫిల్మ్‌లో గ్రెయిన్ లోపం కాదు, బొమ్మంతా ఏర్పడేదే దాంతో. దాన్ని డిజిటల్ కెమెరా సెన్సార్ నాయిస్‌తో కలిపి చూడటం అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం. ఫిల్మ్ ఫోటోలు ఉన్నవాళ్లకి నేనైతే ఈ సైట్ చెప్పను, పగటి వెలుతురులో తీసేవాళ్లకి ధైర్యంగా చెప్తాను.

మరుసటి ఏడాది అదే వేళకి ట్రైపాడ్‌తో యార్డుకి వెళ్లాను. ఐఎస్ఓ 400, షట్టర్ ఒక సెకను. మిరప రాశి కదలదు కాబట్టి ఫోటో శుభ్రంగా వచ్చింది, మొదటిసారే తీసుకున్నారు. బస్తా మోస్తున్న హమాలీని మాత్రం ఆ ఒక్క సెకనులో పట్టుకోలేకపోయాను.