దసరాకు మైసూరా, బస్తరా?

దసరా సెలవుల్లో ఒక్క ఊరికే వెళ్లే వీలుంటే ఎక్కడికి వెళ్లాలి? కలకత్తా అనేవాళ్లుంటారు. రాత్రంతా పందిళ్ల వెంట తిరిగే ఓపిక ఉంటే అదీ గొప్పే, 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. నన్నడిగితే మాత్రం మైసూరు, ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లలోనే ఒకటి తేల్చుకోవాలి. రెండూ రాజులు నడిపిన దసరాలే, రెండుచోట్లా ఊరేగేది అమ్మవారే.

మైసూరులో విజయదశమి నాడు చాముండేశ్వరిని 750 కిలోల అంబారీలో మోస్తూ ఏనుగు ప్యాలెస్ నుంచి బన్నిమంటపం దాకా నడుస్తుంది. బన్ని అంటే మన జమ్మే. అంత బరువు అలవాటవ్వాలని వారాల ముందు నుంచే ఏనుగుల మీద ఇసుక బస్తాలు వేసి నడిపిస్తారు. రాత్రి ప్యాలెస్ దీపాలు సరేసరి. హోటళ్లకు, బస్సులకు లోటు లేదు. పెద్దవాళ్లు, చంటిపిల్లలు వెంట ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా మైసూరుకే వెళ్లండి.

నా మనసు మాత్రం బస్తర్ వైపే. బస్తర్ ముఖ్యపట్టణం జగదల్‌పూర్‌లో దసరా 75 రోజులు. మన లెక్కలో ఆషాఢ అమావాస్యకే రథానికి తొలి దుంగ వస్తుంది. ఇక్కడ రావణుడి ఊసే లేదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదే. ఆ తల్లి మన ఓరుగల్లు నుంచి కాకతీయుల అన్నమదేవుడి వెంట వచ్చిందని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది వింటే సొంతూరికి వెళ్లినట్టుంటుంది.

రథం ఏటా కొత్తగా చేస్తారు. బాడిసలతో చెక్కిన చక్రాలు, చెట్టు నార పేనిన లావుపాటి మోకులు. ఎనిమిది చక్రాల రథం కదిలేటప్పుడు ఆ మోకు బిగుసుకుని కిర్రుమంటుంది, వందల మంది ఒక్క గొంతుతో అరుస్తారు. మైసూరులో మనం రోడ్డు పక్కన కూర్చుని చూస్తాం. ఇక్కడ పండగ అడవి పల్లెల జనం చేతుల్లో ఉంటుంది. దశమి రాత్రి వాళ్లే రథాన్ని 'దొంగిలించి' కుమ్డాకోట్ అనే చోటికి లాక్కుపోతారు. మర్నాడు రాజకుటుంబం అక్కడికే వెళ్లి, వాళ్లతో కలిసి కొత్త బియ్యపు అన్నం తిని, రథాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

విశాఖ నుంచి అరకు మీదుగా రైలుంది. గదులు తక్కువ, ముందే చూసుకోండి. దశమి రాత్రే తిరుగు టికెట్ మాత్రం తీసుకోకండి, మర్నాడు రథం వెనక్కి వచ్చేదాకా ఉండండి.