వాల్‌బ్రో 255 ఫ్యూయల్ పంపు: కారు టర్బో మార్చాక సరిపోతుందా?

మధ్యస్థాయి పెట్రోల్ బిల్డుకి (పవర్ పెంచిన ఇంజిన్‌కి) నిక్షేపంగా సరిపోతుంది. కానీ గంటకి 255 లీటర్లన్న పేరు చూసి మురిసిపోవద్దు. బూస్ట్ లేనప్పుడు ఉండే బేస్ ఫ్యూయల్ ప్రెషర్ 43.5 పీఎస్ఐ, బూస్ట్ (టర్బో నెట్టే గాలి ప్రెషర్) 20 అయితే, ప్రెషర్ రెగ్యులేటర్ రైల్‌ని, అంటే ఇంజెక్టర్లకి పెట్రోల్ అందించే గొట్టాన్ని, 63.5కి తీసుకెళ్తుంది. ప్రెషర్ పెరిగేకొద్దీ పంపు పోసేది తగ్గుతుంది.

అసలు తంటా వైరింగ్‌తో. కారులోని పాత సన్న వైరు మీదే నడిపితే లోడ్‌లో వోల్టేజ్ పడిపోయి, కొత్త పంపు కూడా పాతదానిలాగే నీరసిస్తుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలేతో విడిగా లావు వైరు లాగండి. పంపు కనెక్టర్ దగ్గరే మీటర్ పెట్టి చూడండి.

ట్యాంకు లోపలి గొట్టం పెట్రోల్‌లో మునిగి ఉండటానికి తయారైనదే కావాలి. మామూలు ఫ్యూయల్ హోసు బయటివైపు మెత్తబడి, ఉబ్బి, చీలుతుంది. విప్పేముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగేదాకా నడిపి, తర్వాత బ్యాటరీ మైనస్ ఊడదీయండి.

ఫుల్ బూస్ట్‌లో రైల్ ప్రెషర్ లోంచి బూస్ట్ తీసేస్తే అదే 43.5 మిగలాలి. తగ్గుతుంటే వెంటనే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి. లీన్ అయి (గాలికి తగ్గ పెట్రోల్ అందక) నాక్, అంటే సిలిండర్‌లో అదుపు లేని పేలుడు, మొదలైతే పిస్టన్ పాడవడానికి ఎక్కువసేపు పట్టదు. ఇంజెక్టర్ డ్యూటీ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 85 శాతం దాటినా కాలు తీసెయ్యాల్సిందే, కానీ అప్పుడు తప్పు పంపుది కాదు. ఈ85 (ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఇంధనం) వాడేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు, దానికి ఇథనాల్ పంపులు వేరే ఉన్నాయి.