తాబేలు పిల్లల కోసం మైపాడులో రెండు తెల్లవారుజాములు

మావాడికి చీతాల పిచ్చి. 2022 సెప్టెంబరులో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కునో నేషనల్ పార్కుకి ఎనిమిది వచ్చాయని, మరుసటి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి ఇంకో పన్నెండు వచ్చాయని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. అంత దూరం ఎక్కడ తీసుకెళ్తాం? మన సముద్రంలోకే తాబేలు పిల్లల్ని వదులుతున్నారు, పద చూద్దాం అని ఒప్పించి మార్చిలో ఒక శుక్రవారం సాయంత్రం ఒంగోలు నుంచి కారేసుకుని నెల్లూరొచ్చాం.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను, మీరు చేయకండి. ఫోన్లో దొరికిన ఒక ట్రావెల్ ఏజెంటు ‘స్పెషల్ పర్మిషన్ సార్, గ్యారంటీగా చూపిస్తా’ అంటే మనిషికి ఐదొందలు కట్టాను. తీరా వెళ్తే అక్కడ టికెట్టూ లేదు, పాడూ లేదు. శనివారం పొద్దున ఆయన ఫోను స్విచాఫ్.

రెండో తప్పు గది. ఏసీ ఉంటుందని నెల్లూరు టౌన్లోనే లాడ్జి తీసుకున్నాం, పధ్నాలుగొందలు. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లూ వచ్చాయి. కానీ తెల్లవారుజామున నాలుగింటికి కిందికి దిగితే గేటుకి తాళం, వాచ్‌మన్ ఎక్కడ పడుకున్నాడో తెలీదు. వాణ్ణి వెతికి లేపి, ఇరవై కిలోమీటర్లు పైచిలుకు దూరంలో ఉన్న మైపాడు బీచికి పోయి, తీరం వెంబడి ఇంకొంచెం వెళ్లి హ్యాచరీ, అంటే తాబేలు గుడ్లు పొదిగించే చోటు, పట్టుకునేసరికి బాగా వెలుగొచ్చేసింది. ఖాళీ బకెట్ కడుగుతున్న కాపలా ఆయన ‘ఇప్పుడే వదిలేసినాం సార్, రేపు ఇంకో గుంతలో గుడ్లు పగలొచ్చు, చీకటుండగానే రాండి’ అన్నాడు. మావాడి మొహం చూడాలి.

ఆ మధ్యాహ్నమే టౌన్ గది ఖాళీ చేసి మైపాడులో బీచికి దగ్గరగా ఒక మామూలు గది తీసుకున్నాం. తొమ్మిదొందలు. ఏసీ లేదు, బాత్రూం గడియ పడదు, దోమలు మాత్రం లెక్కలేనన్ని. అయినా తాబేళ్ల కోసం వచ్చేవాళ్లకి నేను ఇదే చెప్తాను, నడిచిపోయేంత దూరంలో పడుకోండి. తిండికి ఇబ్బంది లేదు. గది వాళ్లకి ముందే చెప్పాం కాబట్టి వాళ్లింట్లోనే చేపల పులుసు చేసిపెట్టారు, మామిడికాయ ముక్కలేసి. రాత్రి మిగిలింది పొద్దున చద్దన్నంలో తింటే ఇంకా బాగుంది. బీచి దగ్గర బండ్ల మీద వేయించే చేపలు మాత్రం ఒకే నూనెలో ఎన్నిసార్లు వేస్తారో, మా ఆవిడ వాసన చూసి వద్దంది.

సాయంత్రం హ్యాచరీ దగ్గర తీరిగ్గా కూర్చున్నాం. పేరు పెద్దది గానీ వెదురు కంచె, పైన వల, లోపల ఇసక, అంతే. ఒక్కో గుంత దగ్గర చిన్న పలక, దాని మీద గుడ్లు తెచ్చిన తేదీ, ఎన్ని గుడ్లు, ఎప్పుడు పగలాలి అని రాసుంది. ఇవి ఆలివ్ రిడ్లే అనే జాతి సముద్రపు తాబేళ్లు. ఒక్క తల్లి వందకి అటూ ఇటూ పెడుతుంది. గుంత అడుగున్నర లోతు, మూతి సన్నం, కింద బొజ్జ, అచ్చం కుండలాగా. తల్లి తవ్విన కొలతలోనే వీళ్లూ చేత్తో తవ్వుతారు. గుడ్డు పెట్టిన కొన్ని గంటలకి లోపలి పిండం పెంకుకి అంటుకుంటుందట, ఆ తర్వాత గుడ్డుని పక్కకి తిప్పినా చచ్చిపోతుంది. అందుకే రాత్రంతా ఒడ్డు వెంట నడుస్తూ, ట్రాక్టర్ టైరు జాడలాగా కనబడే తల్లి జాడ పట్టుకుని, కుక్కలూ నక్కలూ రాకముందే తీసుకొస్తారు. ఇసక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయంటే మా ఆవిడ నావైపు చూసి నవ్వింది, ఎందుకో నన్నడక్కండి.

మావాడు అడిగాడు, ‘ఇవి ఏ దేశం నుంచి తెచ్చారంకుల్?’ అని. ‘యాడ్నుంచీ తేలేదబ్బాయా, ఈడివే. గుడ్లు మాత్రం ఆ మలుపు కాడ్నుంచి ఈడికి మార్చినాం.’ ఊరి కాపులు (జాలర్ల ఊరి పెద్దలు) దురాయి, అంటే కట్టుబాటు, వేసినప్పట్నుంచి గుడ్లెవరూ ముట్టుకోవడం లేదని కూడా చెప్పాడు. ఆ తీరంలో కాపుల మాటంటే మాటే.

ఆదివారం నాలుగున్నరకే వెళ్లాం. గుంత మీద ఇసక కుంగింది, ఒక ముక్కు బయటికొచ్చింది, తర్వాత ఒక రెక్క, ఉన్నట్టుండి ఇసకంతా ఉడుకుతున్నట్టు కదిలి ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ వచ్చేశాయి. ఒక్కోటి బొటనవేలంత, నల్లగా, నెత్తిన ఇసక. బకెట్లో తీసుకెళ్లి నీళ్లలో వేయలేదు. అలలకి కొన్ని మీటర్ల ఇవతల వదిలారు. అంత దూరం వాటంతట అవే నడవాలట. ఎక్కడ వెలుతురుంటే అటే పోతాయి కాబట్టి అందరి ఫోన్లూ ఆపించారు. అయినా ఎవరో ఒకాయన సెల్ఫీకి ఫ్లాష్ వేస్తే ముందు పోతున్న నాలుగైదు పిల్లలు గిర్రున వెనక్కి తిరిగి ఆయన కాళ్లకేసి నడిచాయి. కాపలా ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తిరిగొస్తుంటే ఒడ్డున పెద్ద తల్లి తాబేలొకటి చచ్చి పడుంది, కళ్లు పీతలు తినేశాయి. అవి గాలి పీల్చాలి, ట్రాలర్ (వల ఈడ్చుకుంటూ పోయే పెద్ద మర బోటు) వలలో ఇరుక్కుంటే పైకి రాలేక మునిగిపోతాయి. పిల్లల్ని పట్టుకెళ్లేవాళ్లు ఈ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. మావాడు గంటసేపు మాట్లాడలేదు.

ఆనక వాడే పలకలన్నీ చదివి ఒకదాని మీదున్న, గుడ్లు పగలాల్సిన తేదీ రాసుకొచ్చాడు, ఏప్రిల్ 22. అప్పటికి మన తీరంలో చేపల వేట నిషేధం మొదలై వారం అవుతుంది, ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మర బోట్లు దిగవు. వెళ్దామంటున్నాడు. అదే గది అడిగితే అడ్వాన్సు వద్దు, ముందురోజు ఫోన్ చేయండి చాలన్నారు. దోమతెర, బాత్రూముకో కొత్త గడియ మేమే తీసుకెళ్తున్నాం.