ఏసిట్రామ్ వేసుకునే నేను బ్రాడీపేట కర్రీ పాయింట్‌కే ఎందుకు వెళ్తున్నానంటే

గుంటూరులో కర్రీ పాయింట్లకు కొదవ లేదు. కానీ నాకు రుచి ఒక్కటే చూసుకుంటే సరిపోదు. నా గుండెలో మైట్రల్ వాల్వు తీసేసి మెటల్ వాల్వు పెట్టారు. రక్తం పలచబడే మాత్ర, ఏసిట్రామ్, జీవితాంతం వేసుకోవాలి. మా అమ్మాయి పురుడుకని మా ఆవిడ బెంగళూరు వెళ్ళింది. అన్నం ఇంట్లో వండుకుని, కూరలు మాత్రం శంకర్‌విలాస్ సెంటర్‌కి నడక దూరంలో ఉన్న ఒక చిన్న కొట్టులో కొంటున్నాను. బోర్డు కూడా లేదు, వీధిలో ఎవరినడిగినా చూపిస్తారు.

ముందు వెళ్ళిన ఇంకో కొట్టులో "పప్పులో ఏ ఆకు వేశారండీ" అంటే "ఉన్నవన్నీ వేశాం సార్" అన్నారు. నాలాంటివాళ్ళకి ఆ జవాబుతో పని జరగదు. రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లలో కొన్నిటిని లివర్ తయారుచేయాలంటే విటమిన్ కె కావాలి. ఏసిట్రామ్ అయినా, అలాంటిదే ఇంకో మాత్ర వార్ఫరిన్ అయినా సరిగ్గా అక్కడే అడ్డుపడతాయి. ఆ విటమిన్ ముదురు ఆకుపచ్చ కూరల్లో దండిగా ఉంటుంది, 100 గ్రాముల పచ్చి పాలకూరలో 480 మైక్రోగ్రాముల దాకా. వారమంతా దుంపకూరలు తిని ఒక్కసారిగా తోటకూర మీద పడితే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె) దిగిపోయి వాల్వు దగ్గర గడ్డ కట్టవచ్చు. రోజూ తినేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే ఐఎన్‌ఆర్ పెరిగి చిగుళ్ళలోనో మూత్రంలోనో రక్తం కనిపించవచ్చు. నాకు డాక్టర్ పెట్టిన హద్దు 2.5 నుంచి 3.5. మిర్చి యార్డులో నాతో పనిచేసేవాళ్ళు "ఆకుకూరలు మానెయ్ బాబాయ్" అంటుంటారు. మానక్కర్లేదు. ఎంత తింటామో అంతే, ప్రతి వారం ఒకేలా తినాలి. దానికి తగ్గట్టు డోసు డాక్టర్ చూసుకుంటారు.

ఈ కొట్టులో నాకు నచ్చింది అదే. సోమవారం తోటకూర పప్పు, గురువారం పాలకూర పప్పు. మిగతా రోజుల్లో దోసకాయో టమాటానో మామిడికాయో. వేపుళ్ళు దొండకాయ, అరటికాయ, బంగాళాదుంప. వీటిలో విటమిన్ కె తక్కువ కాబట్టి టెన్షన్ లేదు. గోంగూర పచ్చడి రోజూ ఉంటుంది, నేను రోజూ ఒకే చెంచా వేసుకుంటాను. నూనె ఏమిటని అడిగితే కొట్టు నడిపే ఆవిడ డబ్బా తెచ్చి చూపించారు, వేరుశనగ నూనె. సోయా నూనెలో ఈ విటమిన్ చెప్పుకోదగ్గంత ఉంటుంది, వేరుశనగ నూనెలో దాదాపు ఉండదు.

ఆషాఢంలో మునగాకు తినాలని అందరూ అడుగుతారు కదా, ఒక మంగళవారం మెనూ మార్చారు. పొద్దున్నే ఫోన్ చేసి "అన్నయ్యగారూ, ఇవాళ పప్పులో మునగాకు వేస్తున్నా, మీకు బీరకాయ ఇగురు పక్కన పెట్టనా?" అని అడిగారు. ఆ ఫోన్ విలువ వాల్వు పేషెంట్లకు తెలుస్తుంది. రక్తం పలచబడటానికే ఇచ్చే అపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మాత్రలకు ఈ ఆకుకూరల లెక్క ఉండదు, కానీ మెటల్ వాల్వు ఉన్నవాళ్ళకు అవి ఇవ్వరు.

లోపాలూ ఉన్నాయి. పులుసుల్లో ఉప్పు ఎక్కువ. చెప్తే రెండు రోజులు తగ్గిస్తారు, మళ్ళీ మామూలే. పొగలు కక్కే సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి ఇస్తారు, నాకు అసలు నచ్చదు. క్యారియర్ తీసుకెళ్ళండి, విసుక్కోకుండా అందులోనే పోస్తారు. ఒంటిగంట దాటితే పప్పు దొరకదు, ఆదివారం సాయంత్రం కొట్టు ఉండదు. పప్పు 30 రూపాయలు, వేపుడు 40, ఒక మనిషికి రెండు పూటలకీ వస్తుంది. ఏసిట్రామో వార్ఫరినో వేసుకుంటున్నామని మొదటి రోజే చెప్పండి, ఆవిడ గుర్తుపెట్టుకుంటారు.