చేతిరాత నోట్సా, ల్యాప్‌టాప్ నోట్సా?

కాలేజీలో చేరిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. నేను రెండూ వాడాను. టైపింగ్‌లో వేగం ఉంది, కావలసిన ముక్క వెంటనే వెతుక్కోవచ్చు, క్లాసు ఎగ్గొట్టిన ఫ్రెండ్‌కి క్షణంలో పంపేయొచ్చు. పైగా నా రాత నాకే అర్థంకాని రోజులున్నాయి.

కొంప ముంచేదీ ఆ వేగమే. ఒకసారి ఎకనామిక్స్ క్లాసులో డిమాండ్ వ్యాకోచత్వం (ధర మారితే జనం కొనడం ఎంత మారుతుందో చెప్పే లెక్క) మీద నాలుగు పేజీలు టైప్ చేశాను. లెక్చరర్ వేసిన జోకు కూడా అందులో ఉంది. రాత్రి కూర్చుంటే, ఉప్పు ధర పెరిగినా జనం కొనడం ఎందుకు తగ్గించరో సొంత మాటల్లో చెప్పలేకపోయాను. చేత్తో అయితే అన్నీ రాయలేం. ఏది ఉంచాలో, ఏది వదలాలో అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలోనే విషయం సగం పట్టుబడుతుంది.

2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లోనూ ల్యాప్‌టాప్ వాళ్ళు మాటకు మాట దించేశారు. వద్దని ముందే చెప్పినా మానలేదు. అవగాహనను పరీక్షించే ప్రశ్నల్లో వెనకబడ్డారు. అయితే 2021లో అదే ప్రయోగం మళ్ళీ చేసినవాళ్ళకు మార్కుల్లో ఆ తేడా కనిపించలేదు. కాబట్టి పెన్ను పట్టుకున్నంత మాత్రాన మార్కులొస్తాయని నేననను.

నా లెక్కలో అసలు తేడా తెలిసేది సాయంత్రమే. పేజీలో ఎడమవైపు రెండున్నర అంగుళాలు ఖాళీ వదులుతాను. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ నేర్పిన పద్ధతి ఇది. ఇంటికొచ్చాక ఆ ఖాళీలో ప్రశ్నలు రాస్తాను: "ఉప్పుకీ కారుకీ తేడా ఏంటి?" తర్వాత కుడివైపు అట్టతో మూసి, పైకే జవాబు చెప్పుకుంటాను. తడబడిన చోట పెన్సిల్‌తో చుక్క పెడతాను. రెండు రోజులాగి ఆ చుక్కలే మళ్ళీ. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చూపించింది ఇదే: అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ముందున్నారు, వారం తర్వాత పెడితే చూడకుండా గుర్తు చేసుకున్నవాళ్ళు ముందున్నారు. పరీక్ష ముందురోజు రాత్రి చదివింది రిజల్ట్స్ నాటికి ఎందుకు ఆవిరైపోతుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

ఇదంతా ల్యాప్‌టాప్‌లోనూ చేయొచ్చు. కాకపోతే టైప్ చేసిన ఫైలు చూస్తే పని అయిపోయినట్టు అనిపిస్తుంది, మళ్ళీ తెరవబుద్ధి కాదు. నాకైతే అంతే.

ట్యాబ్, స్టైలస్ ఉంటే కాగితంతో సమానమే. ఆడియో రికార్డింగా? గంట క్లాసుని మళ్ళీ గంటసేపు ఎవరు వింటారు!

ప్రోగ్రామింగ్ క్లాసులో మాత్రం నేనూ ల్యాప్‌టాపే తెరుస్తాను, వైఫై ఆపేసి.