ఈమాక్స్ లోపలి నుంచే ప్యాకేజీలు పెట్టుకోవడం: ఏళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడ రైస్ మిల్లులకు బిల్లింగ్, స్టాక్ లెక్కల ప్రోగ్రాములు రాసివ్వడం నా పని. నల్లగొండలో ఇంట్లోనే కూర్చుని చేస్తాను. కోడ్ రాసే ఎడిటర్ ఈమాక్స్. దానికి కావాల్సిన ప్యాకేజీలన్నీ, అంటే అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రాములన్నీ, దాని లోపలి నుంచే దించుకుంటాను. 2012లో వచ్చిన 24వ వెర్షన్ నుంచీ ఈ ఏర్పాటు ఈమాక్స్‌లోనే ఉంది.

ఆల్ట్-ఎక్స్ నొక్కి లిస్ట్-ప్యాకేజెస్ అని కొడితే జాబితా వస్తుంది. కావాల్సిన దాని మీద ఐ, వద్దనుకున్న దాని మీద డి, చివర్లో ఎక్స్. ఇంత సులువు టెర్మినల్లోనూ ఉంది. నాకు నచ్చింది వేరే. పేరు మీద ఎంటర్ కొడితే ఆ ప్యాకేజీ ఏం చేస్తుందో, ఇంకా వేటిని లాక్కొస్తుందో అక్కడే చదువుకోవచ్చు. పెట్టుకున్నాక నచ్చని ఫంక్షన్ కనిపిస్తే దాని కోడ్ కూడా అదే విండోలో తెరుచుకుంటుంది. కామాలతో విడదీసిన పట్టికల ఫైళ్ల (సీఎస్‌వీ) కోసం ఉన్న సీఎస్‌వీ-మోడ్‌ను అట్లా చదివే పెట్టుకున్నాను. మిల్లు గుమాస్తాలు పంపే ఫైళ్లలో బస్తాల సంఖ్య వచ్చి లారీ నంబరు గడిలో కూర్చుంటే, నిలువు వరుసలు సరిచేసి చూపించగానే ఇట్టే దొరికిపోతుంది.

టెన్షన్ అంతా అప్‌గ్రేడ్‌తోనే. పెద్ద యు కొట్టి ఎక్స్ అంటే కొత్తది దిగుతుంది, పాతది చెరిగిపోతుంది. ప్యాకేజీలు దొరికే పెద్ద ఆన్‌లైన్ భండారం మెల్పాలో తాజా బిల్డ్ ఒక్కటే ఉంచుతారు, వెర్షన్ నంబరు కూడా తేదీయే. కొత్తది మొరాయిస్తే పాతదానికి పోదామన్నా మెనూలో దారి లేదు. ఈమాక్స్ వాళ్ల సొంత భండారం జీఎన్‌యూ ఎల్పా పాత వెర్షన్లు ఉంచుతుంది గానీ ఆ జాబితాలో అవి కనిపించవు. ఇన్నేళ్లయినా ఒక్క "వెనక్కి" కీ పెట్టలేదంటే నాకు ఇప్పటికీ వింతే. అందుకే అప్‌గ్రేడ్‌కు ముందు, దించుకున్న ప్యాకేజీలుండే ఎల్పా ఫోల్డర్ మొత్తాన్ని, పాత రూపాలు దాచిపెట్టే గిట్‌లో కమిట్ చేస్తాను. వరి కోతలప్పుడు మిల్లుల నుంచి ఫోన్లు ఆగవు. ఆ రోజుల్లో యు జోలికే పోను.

2023లో వచ్చిన 29వ వెర్షన్‌తో అన్నింటినీ ఒకే కమాండ్‌తో అప్‌గ్రేడ్ చేయొచ్చు, ప్యాకేజీల సెట్టింగులు ఒక్కచోట రాసుకునే యూజ్-ప్యాకేజ్ కూడా లోపలే వస్తుంది. నోట్సు రాసుకునే ఆర్గ్ లాంటి, ఈమాక్స్‌తో పాటే వచ్చేవాటిని మాత్రం ఆ కమాండ్ మామూలుగా ముట్టుకోదు, సెట్టింగ్ మార్చాలి.

ఇంకో లాభం నెట్ సరిగ్గా లేని చోట తెలుస్తుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మెల్పా జాబితా దిగేసరికి చాయ్ తాగి రావచ్చు. దేవరకొండ వైపు మా ఊరికి పోయేటప్పుడు ఎల్పా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటాను. ప్యాకేజీల్లో ఎక్కువ శాతం ఈమాక్స్ సొంత భాష లిస్ప్‌లో రాసిన మామూలు ఫైళ్లే కాబట్టి, అక్కడి సిస్టంలోనూ అదే ఈమాక్స్ వెర్షన్ ఉంటే కాపీ చేయగానే నడుస్తాయి. ఈమాక్స్ లోపలే టెర్మినల్ నడిపే వీటెర్మ్ లాంటి, సీ భాషలో రాసిన మాడ్యూల్ ఉన్నవాటిని అక్కడ మళ్లీ కంపైల్ చేసుకోవాల్సి రావచ్చు. దానికి కావాల్సిన సీమేక్ అనే ప్రోగ్రామ్ ముందే పెట్టుకుని పోండి.