ప్రత్యక్షపు గుడారం మోడల్ కిట్: అన్నీ ఉన్నాయి, మందసం మూత మాత్రం తెరుచుకోదు

వేసవి వీబీఎస్‌లు (సెలవుల్లో పిల్లలకు జరిపే బైబిల్ తరగతులు) దగ్గరపడే సరికి తిరుపతి, చిత్తూరు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో ఫ్లాష్‌కార్డుల పక్కన ఈ పెట్టె కనిపిస్తుంది. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు దేవుని ఆరాధనకు చేసుకున్న గుడారాన్ని బిగించి విప్పుకునే మోడల్, 40 పేజీల టీచర్ పుస్తకం, పిల్లలకు పంచే 25 కార్డులు. ధర 1,850 రూపాయలు. పాపం, ప్రాయశ్చిత్తం, విశ్వాసం అన్న మాటల్ని పదేళ్ల పిల్లల ముందు బల్లమీద పెట్టి చూపించడానికి ఇంతకన్నా సులువైన సాధనం దొరకదు. కాబట్టి ఎక్కడ బాగుందో, ఎక్కడ పాఠం తప్పుదారి పడుతుందో కాస్త వివరంగా చెప్పాలి.

కొలతల్లో తయారీదారు శ్రద్ధ పెట్టారు. ఒక మూరకు ఒక సెంటీమీటరు లెక్క. ఆవరణ 100 మూరలు, 50 మూరలు. అట్టమీద మీటరు, అరమీటరు వచ్చింది. చుట్టూ 60 స్తంభాలు, తెరల ఎత్తు 5 సెంటీమీటర్లు. గుడారం 30 పొడవు, 10 వెడల్పు, 10 ఎత్తు. అంటే ఆవరణ తెరకు రెట్టింపు ఎత్తులో గుడారం బయటికి కనిపించాలి, కనిపిస్తోంది. చవక మోడళ్లలో రెండూ ఒకే ఎత్తులో ఉండి గుడారం గోడ వెనక దాక్కుంటుంది.

గుడారం గోడల పలకలు 48. దక్షిణం 20, ఉత్తరం 20, పడమర 8. బిగించేటప్పుడు పడమటి మూలల రెండు పలకలు ముందు నిలబెట్టి, అక్కడినుంచి తూర్పుకు రావాలి. తూర్పునుంచి మొదలుపెడితే చివర్లో మూల పలక గాడిలో పట్టదు, గట్టిగా నొక్కితే 3 ఎంఎం ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) అంచు చిట్లుతుంది. ఫెవికాల్ చుక్కే చాలు. ఎక్కువైతే ఎండీఎఫ్ పీల్చుకుని ఉబ్బుతుంది, పక్క పలక దూరదు.

పైకప్పులు నాలుగు. సన్ననార తెర అడ్డంగా 28 సెంటీమీటర్లు, మేకవెంట్రుకల తెర 30. గోడ, కప్పు, గోడ కలిపితే 30 కాబట్టి లోపలి తెర రెండు వైపులా నేలకు ఒక్కో సెంటీమీటరు పైన ఆగాలి, దాని మీది తెర నేలను తాకాలి. నార తెర నేలను తాకుతోందంటే రెండూ తారుమారయ్యాయన్నమాట. వాటిపైన ఎర్ర పొట్టేళ్ల తోళ్లు, సముద్రవత్సల తోళ్లు. ఈ రెండిటికీ బైబిల్లో కొలతలు లేవు, ఎలా కత్తిరించినా ఎవరూ అడగరు.

ఇదే లెక్కన మందసం, అంటే ఆజ్ఞల పలకలు ఉంచే పెట్టె, రెండున్నర సెంటీమీటర్లే రావాలి. అగ్గిపెట్టెలో సగం. వెనక బెంచీలో పిల్లలకు కనపడదు కనుక సామాన్లన్నిటినీ రెట్టింపు చేశారు. తప్పేం లేదు, కానీ పుస్తకంలో ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ఉండాల్సింది.

ఇక అసలు చిక్కు ఆ మందసం దగ్గరే. మందసం, దాని మూత అయిన కరుణాపీఠం, ఆ మూత మీది కెరూబులు (రెక్కల దూతలు) మొత్తం ఒకే ముక్కగా పోతపోసి బంగారు రంగు వేశారు. మూత రాదు. నిర్గమకాండం 25వ అధ్యాయం ప్రకారం పెట్టె తుమ్మకర్రది, బంగారు రేకు పొదిగింది. మూత మాత్రం పూర్తిగా మేలిమి బంగారం, కెరూబులు దానితో ఏకంగా చేసినవి. రెండూ వేరు వేరు వస్తువులు. లోపల ఆజ్ఞల పలకలు, పైన దేవుని సన్నిధి, మధ్యలో ఈ మూత. సంవత్సరానికి ఒక్కసారి ప్రధాన యాజకుడు రక్తం చిలకరించేది దీని మీదే, దీని ముందే. మనం మీరిన ధర్మశాస్త్రానికీ, దాన్నిచ్చిన దేవునికీ నడుమ రక్తం ఉందని చూపించే చోటు అది. కిట్‌లో బియ్యపు గింజంత పలకలు రెండు విడిగా ఇచ్చారు కూడా. పెట్టడానికే చోటు లేదు!

ఇది చిన్న లోపం కాకపోవడానికి తెలుగు చదువరికి ఇంకో కారణం ఉంది. రోమా 3:25లో క్రీస్తును గురించి పౌలు వాడిన గ్రీకు మాట హిలాస్టెరియాన్. హెబ్రీ 9:5లో ఆ మూతకు వాడిందీ అదే మాట. మన పాత తెలుగు బైబిల్లో మొదటిది 'కరుణాధారము', రెండోది 'కరుణాపీఠము' అయ్యాయి. బంధుత్వం వినిపిస్తుంది గానీ ఒకే మాటని తెలియదు. టీచర్ ఆ మూతను చేతిలోకి తీసి చూపితే రోమా పత్రిక దానంతటదే అర్థమవుతుంది. హాక్సా బ్లేడుతో మూత గీత వెంబడే కోయవచ్చు. రెజిన్ కాబట్టి నెమ్మదిగా, నీళ్లు చిలకరిస్తూ కోయాలి. ఆ తర్వాత పెట్టెను లోపలికి తొలుచుకోవాలి. ఇంత పని కొన్నవాళ్లకు పెట్టడం న్యాయం కాదు.

రెండో లోటు, మేక ఒక్కటే ఇచ్చారు. లేవీయకాండం 16లో, ప్రాయశ్చిత్త దినాన, మేకలు రెండు. ఒకటి వధకు, ఒకటి జనుల పాపాలు మోస్తూ అరణ్యానికి. మొదటిది లేకపోతే పాపానికి మూల్యం కనపడదు, రెండోది లేకపోతే పాపం దూరమైపోవడం కనపడదు. ప్రాయశ్చిత్తం మీద వేదాంతులు వాదించుకునే రెండు పక్కలూ ఆ ఒక్క దినంలోనే ఉన్నాయి. మాధవమాల చెక్కపనివాళ్లు ఇంత దగ్గర్లో ఉండగా ప్లాస్టిక్ మేక ఎందుకో మరి. ఒకరినడిగి రెండోది చేయించుకోవడం మేలు.

గుడారం లోపల మందసమున్న గదిని వేరుచేసే అడ్డతెర బాగా ఆలోచించి చేశారు. నిలువునా మధ్యలో వెల్‌క్రో అతికించి, పైనుంచి కిందికి చీలేలా కుట్టారు, మత్తయి 27:51లో ఉన్నట్టే. పది పన్నెండుసార్లు లాగితే దూది పట్టి పట్టు తగ్గుతుంది, పాత టూత్‌బ్రష్‌తో దువ్వితే సరిపోతుంది. చినిగింది గుడారపు తెర కాదు, హేరోదు కట్టించిన దేవాలయపు తెర అని పుస్తకం చెప్పదు. టీచరే చెప్పాలి.

పుస్తకం సంగతికొస్తే, యాజకుడికి కూర్చోను కుర్చీ లేదని, క్రీస్తు బలి అర్పించి కూర్చున్నాడని హెబ్రీ 10 నుంచి చెప్పిన పేజీ చక్కగా ఉంది. కానీ 14వ పేజీ మార్చాలి. దహనబలిని 'మనం దేవునికి చెల్లించే మొక్కుబడి' అని రాశారు. తిరుపతి పిల్లలకు మొక్కు అంటే ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు: కోరుకున్నది జరిగితే మనవైపునుంచి తీర్చేది. లేవీయకాండం 7లో మొక్కుబడి బలి వేరే ఉంది. ప్రాయశ్చిత్తం దారి దానికి ఎదురు. 'బలిపీఠం మీద పోయడానికి రక్తాన్ని నేనే మీకిచ్చాను' అన్నది 17:11 సారాంశం. ఇచ్చేవాడు దేవుడు, పుచ్చుకునేది మనిషి. ఇక్కడ మాట జారితే ఎఫెసీ 2:8లోని కృప కూడా బాకీ తీర్చుకోవడం లాగే వినిపిస్తుంది.

కార్డుల వెనక 'ఈ రోజు యేసును అంగీకరించాను' అని తేదీ, సంతకం గీతలు. చాలా సంఘాలు ఇలాగే చేస్తాయి. అయితే సంతకమే విశ్వాసమని పిల్లలు అనుకుంటారు. దానికన్నా బలి పశువు తలమీద చెయ్యి ఉంచడం, లేవీయకాండం 1:4, చేసి చూపించడం మంచిది. ఆ చెయ్యి ఏమీ ఇవ్వదు, ఆనుకుంటుంది అంతే. యాకోబు పత్రిక చెప్పే క్రియలు, అంటే విశ్వాసాన్ని చూపించే పనులు, ఆ తర్వాతి పాఠంలోకి వస్తాయి.

యాజకులు కాళ్లు చేతులు కడుక్కునే గంగాళాన్ని నీళ్లలో మునిగే బాప్తిస్మానికి గుర్తుగా రాశారు. బాప్టిస్టులకు, పెంతెకొస్తువారికి ఇబ్బంది లేదు. శిశు బాప్తిస్మం ఇచ్చే లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), కతోలిక సంఘాల్లో ఆ పేజీ పాస్టరుగారికో ఫాదరుగారికో ముందే చూపించాలి. నీతిమంతులుగా తీర్చబడడం మీద లూథరన్లు, కతోలికులు 1999 అక్టోబరు 31న ఉమ్మడి ప్రకటన మీద సంతకాలే చేశారు, గంగాళం దగ్గర గొడవపడడమెందుకు.

కొనేటప్పుడు షాపులోనే పెట్టె విప్పించి వెండి రంగు దిమ్మలు లెక్కపెట్టండి: పలకల కింద 96, అడ్డతెర స్తంభాలకు 4. కొన్ని పెట్టెల్లో 96 తోనే ఆపేశారు, అడ్డతెర నిలబడదు.